వాననీరు వీధి పాలు కాకుండా

ప్రశ్న: హైదరాబాదులో 200 గజాల స్థలంలో మా ఇల్లు ఉంది. ముందు జాగా అంతా సిమెంటు చేయించాము. వాననీరు గేటు దాటి వీధిలోకి పోతోంది, వేసవిలో బోరు ఎండుతోంది. ఇంకుడు గుంత తవ్వించి, పక్కన లాన్ వేయవచ్చునా?
– ఒక పాఠకురాలు

జవాబు: గుంత తప్పక తవ్వించండి, లాన్ మాత్రం వద్దు. 100 చదరపు మీటర్ల డాబాపై ఒక్క మిల్లీమీటరు వాన కురిస్తే 100 లీటర్ల నీరవుతుంది. ఏటా సగటున సుమారు 800 మిల్లీమీటర్లు కురిసే మీ నగరంలో అంత డాబా మీద పడేది దాదాపు 80 వేల లీటర్లు.

గుంత పునాదికీ, సెప్టిక్ ట్యాంకుకూ దూరంగా ఉండాలి. అడుగున పెద్ద రాళ్లు, వాటిపై కంకర, అన్నిటికన్నా పైన దొడ్డు ఇసుక పరిపించండి. డాబా నీరు నేరుగా గుంతలో పడకుండా, ముందు ఒక చిన్న తొట్టిలో నిలిచి, మట్టీ ఆకులూ అడుగుకు దిగాక పొర్లి రావాలి. ఇసుకపై సన్నని ఒండ్రు పేరుకుంటే నీరు ఇంకదు కనుక, ఏటా మృగశిర కార్తెకు ముందే పై పొరను తీసి కడిగించాలి. చాలా ఇళ్లలో గుంత ఉండీ పనిచేయనిది ఇందుకే. డాబా గొట్టాన్ని నేరుగా బోరులోకి కలిపితే మురికి భూగర్భజలంలో చేరుతుంది, ఆ పని ఎంతమాత్రమూ చేయకండి.

నేల కింద గ్రానైటు రాయి ఉన్నందున ఒక్క వానాకాలంతోనే బోరు నిండుతుందని ఆశించలేము. బండి నిలిపే మేర విడిచి మిగిలిన సిమెంటు తీయించి, వేసవంతా నీరు తాగే లాన్‌కు బదులు నందివర్ధనం, కరివేపాకు, దానిమ్మ నాటి, మొదళ్లలో ఎండుటాకులు పరచండి.