బయోమెడికల్ పీహెచ్‌డీ మొదటి ఏడాదిలో కోర్సులు ముఖ్యమా, ల్యాబ్ శిక్షణ ముఖ్యమా?

కోర్సులు గట్టెక్కితే చాలు. ఒక్క స్టాటిస్టిక్స్ మాత్రం శ్రద్ధగా చదవండి. ఒకే ప్లేటులోని మూడు వెల్స్‌ను (కణాలు పెంచే చిన్న గుంటలను) మూడు వేర్వేరు ప్రయోగాలుగా లెక్కగట్టి గ్రాఫులు గీసేవాళ్లు పీహెచ్‌డీ పూర్తయ్యాక కూడా కనిపిస్తుంటారు. మిగిలిన సమయమంతా ల్యాబ్ రొటేషన్లకే, అంటే కొన్నాళ్ల చొప్పున వేర్వేరు ల్యాబుల్లో పనిచేసి చూడటానికే ఇవ్వాలి. ఈ మాట ఊరికే అనడం లేదు.

నా రొటేషన్లలో ఒకటి క్యాన్సర్ కణాల మీద పనిచేసే ల్యాబ్‌లో జరిగింది. అక్కడ ఒక సీనియర్ పెంచుతున్న కణాలు కొంతకాలంగా మందకొడిగా పెరుగుతున్నాయి. కణాలు పెరిగే పోషక ద్రవం, అంటే మీడియం, తేటగానే ఉంది. సీరం మార్చారు, ఇంక్యుబేటర్‌లో కార్బన్ డయాక్సైడ్ స్థాయి సరిచూశారు. ఫలితం లేదు. ఏళ్ల తరబడి అక్కడే పనిచేస్తున్న టెక్నీషియన్ ఒకావిడ ఎవరితోనూ వాదించకుండా ఆ కణాలకు డీఎన్‌ఏను నీలంగా మెరిపించే డాపీ రంగు వేసి, నన్ను మైక్రోస్కోప్ గదిలోకి పిలిచారు.

"కేంద్రకాలు కాదు, వాటి చుట్టూ చూడు" అన్నారు.

కేంద్రకాలు నీలంగా మెరుస్తున్నాయి. వాటి బయట, ఖాళీగా నల్లగా కనిపించాల్సిన చోట, ఇసుక చల్లినట్టు సన్నని నీలి చుక్కలు. మైకోప్లాస్మా అనే అతిచిన్న బ్యాక్టీరియా!

పెన్సిలిన్ దెబ్బతీసేది బ్యాక్టీరియా కణకవచాన్ని అని, మైకోప్లాస్మాకు ఆ కవచమే ఉండదని, అది 0.22 మైక్రాన్ల ఫిల్టర్ గుండా కూడా దూరిపోగలదని, మీడియాన్ని మడ్డిగా మార్చదని కోర్సులో అందరమూ చదివినవాళ్లమే. అయినా పెన్సిలిన్-స్ట్రెప్టోమైసిన్ కలిపాం కదా అని ల్యాబంతా నిశ్చింతగా ఉంది. మైకోప్లాస్మా కణాల పోషకాలను లాక్కోవడమే కాదు, ఏ జన్యువు ఎంత పనిచేయాలో కూడా తారుమారు చేస్తుంది. అందుకే కణాలను బ్లీచ్‌లో పోశారు, వాటితో వచ్చిన ఫలితాలనూ పక్కన పెట్టేశారు. ఆ సీనియర్ ముఖం చూడలేకపోయాం.

డీఎన్‌ఏను వేరుచేసే రెడీమేడ్ కిట్ల సంగతి కూడా చెప్పాలి. కాలమ్ అనే చిన్న గొట్టంలోని పొరకు డీఎన్‌ఏ ఎందుకు అంటుకుంటుందో తెలియకుండానే బఫర్లు వరసగా పోసేస్తున్నారు. కడగడానికి వాడిన ఇథనాల్ పూర్తిగా పోకపోతే, తర్వాత డీఎన్‌ఏకు నకళ్లు తీసే పీసీఆర్ చెడుతుంది, నింద మాత్రం ఆ నకలు ఎక్కడ మొదలవ్వాలో చూపే ప్రైమర్ల మీద పడుతుంది! పరిశోధన పేపర్లు చర్చించుకునే జర్నల్ క్లబ్బుల్లోనూ ఇదే వరస: బొమ్మల మీద గంట చర్చ, పద్ధతుల విభాగం తెరిచేవారే ఉండరు.

కాబట్టి ల్యాబ్‌ను ఎంచుకునేటప్పుడు ప్రొఫెసర్ పేపర్ల జాబితా ఒక్కటే చూడకండి. బెంచ్ దగ్గర నిలబడి నేర్పేది ఎవరో అడగండి. మైకోప్లాస్మా పరీక్ష చివరిసారి ఎప్పుడు చేశారో కూడా అడగండి. దానికి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటే, వేరే ల్యాబ్ వెతుక్కోండి.