క్రాష్ గార్డ్ కొనేముందు బోల్టులు చూడండి

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ. కొత్తగా రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 బైక్ తీసుకున్నారు. రోజూ మియాపూర్ నుంచి గచ్చిబౌలి ఆఫీసుకు, సెలవుల్లో వికారాబాద్, శ్రీశైలం వైపు, వచ్చే వేసవిలో వీలైతే లద్దాఖ్‌కు వెళ్లాలని ఉంది. పుత్లీబౌలిలో ఒక షాపులో లావుపాటి పైపున్న క్రాష్ గార్డ్ (బండి పడితే ఇంజన్‌కు దెబ్బ తగలకుండా పక్కల బిగించే పైపు చట్రం) చూపించి "ఇదే గట్టిది" అన్నారు. దాని పక్కన కంపెనీ గార్డ్ సన్నగా, బలహీనంగా కనిపించింది. రెండింటిలో ఏది తీసుకోవాలి?

సరిగ్గా ఇదే ప్రశ్న దగ్గర నేను ఒకసారి దెబ్బ తిన్నాను. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తాను.

2019లో నా దగ్గర పాత హిమాలయన్ ఉండేది, 411 సీసీది. నేను కూడా పైపు లావు చూసే గార్డ్ కొన్నాను. 2,800 రూపాయలు. చేత్తో ఎత్తితే బరువుగా ఉంది, వేలితో కొడితే గట్టి చప్పుడు వచ్చింది, నాకు అది చాలనిపించింది. బిగించడానికి పావుగంట కూడా పట్టలేదు. పైన ఫ్రేమ్ గొట్టాన్ని చుట్టి పట్టుకునే పట్టీ, అంటే క్లాంప్ ఒకటి, కింద ఒక బోల్టు, అంతే. ఇంత తొందరగా అయిపోయిందేంటని అడగాల్సింది. అడగలేదు.

ఆ ఆగస్టులో అనంతగిరి వెళ్లాం. పద్మనాభస్వామి గుడి దాటాక పక్కకు దిగిన మట్టి దారిలో బండి వెనక్కి తిప్పుతున్నాను. వాన పడి ఎర్రమట్టి జారుతోంది. నడిచే వేగం కూడా లేదు. ఎడమ కాలు జారింది, బండి మెల్లగా ఎడమవైపు ఒరిగి పడిపోయింది. గార్డ్ ఉంది కదా, ఏమీ కాలేదనే అనుకున్నాను. బండి లేపి చూస్తే గార్డ్ నిజంగానే ఇంతైనా వంగలేదు. కానీ పైన ఉన్న క్లాంప్ ఫ్రేమ్ గొట్టం మీద తిరిగిపోయింది. దాంతో గార్డ్ మొత్తం వెనక్కి జరిగి, దాని మూల తిన్నగా ఇంజన్ ఎడమ పక్కనుండే మూత, అంటే మ్యాగ్నెటో కవర్‌కు తగిలింది. కవర్ మీద వెంట్రుకంత చీలిక. చూస్తుండగానే ఆ చీలిక వెంట ఆయిల్ చెమటలా ఊరింది, బొట్టయింది, కింద రాలింది.

ఇంజన్‌ను కాపాడాల్సిన పైపే ఇంజన్ మీద సుత్తిలా పనిచేసింది. గార్డ్ లేకుండా పడి ఉంటే బహుశా ఫుట్‌రెస్ట్, హ్యాండిల్ మాత్రమే గీసుకునేవి.

వికారాబాద్‌లో ఎంసీల్ (చీలికలు పూడ్చే ముద్ద) తెచ్చి, ఇంజన్ చల్లారాక ఆ చోటు పెట్రోల్‌తో తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, ముద్ద పెట్టి గట్టిపడేదాకా కూర్చున్నాం. తిరుగు దారిలో మన్నెగూడలో ఒకసారి, చేవెళ్ల దగ్గర ఆ మర్రిచెట్ల కింద ఒకసారి ఆగి ఆయిల్ చూసుకుంటూ ఇల్లు చేరాను. కొత్త కవర్, గాస్కెట్, ఆయిల్, పని కూలి అన్నీ కలిపితే గార్డ్ ధర కంటే ఎక్కువే అయింది. డబ్బు సంగతి సరే, ఆ డెబ్బై ఎనభై కిలోమీటర్లు పడిన టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది.

అప్పటి నుంచి గార్డ్ చూసే పద్ధతి మార్చుకున్నాను. ముందు చూసేది బిగింపు. గార్డ్ బండికి ఎన్ని చోట్ల పట్టుకుంది, ఎక్కడ పట్టుకుంది? ఒక్కోవైపు కనీసం మూడు చోట్ల, ఫ్రేమ్‌కో ఇంజన్ మౌంటింగుకో (ఇంజన్‌ను ఫ్రేమ్‌కు బిగించే చోటు) ఉన్న అసలు రంధ్రాల్లోకి బోల్టులు వెళ్లాలి. గొట్టం చుట్టూ చుట్టే క్లాంప్ ఎంత బిగించినా దెబ్బకు తిరుగుతుంది, నాకు జరిగింది అదే. తర్వాత కుడి, ఎడమ గార్డులు ఒకదానితో ఒకటి కలిసి ఉన్నాయా అని చూడండి. ఇంజన్ ముందు నుంచో కింద నుంచో ఒక అడ్డ కడ్డీ రెండు వైపులనూ కలిపితే, ఎడమవైపు పడిన దెబ్బను కుడివైపు బోల్టులు కూడా పంచుకుంటాయి. విడివిడిగా ఉంటే మొత్తం భారం ఒక పక్క రెండు మూడు బోల్టుల మీదే పడుతుంది. మీ బండి పెట్రోల్, ఆయిల్ అన్నీ కలిపి 196 కిలోలు. దాని మీద లగేజీ, లద్దాఖ్ అంటే అదనపు పెట్రోల్ జెర్రీ క్యాన్లు కూడా. అంత బరువు పక్కకు పడినప్పుడు ఆ బోల్టు మీద ఎంత పడుతుందో ఊహించండి.

బోల్టు తల మీద అంకె ఉంటుంది, 8.8 అనో 10.9 అనో. అంకె పెద్దదైతే బోల్టు అంత బలమైనది. ఏ అంకే లేని బోల్టులు ఇస్తే నేను తీసుకోను. పొడవు కూడా చూడాలి. గార్డ్ పట్టీ మధ్యలోకి రావడంతో ఆ మందం మేర బోల్టు లోపలికి తక్కువ వెళ్తుంది. బండితో వచ్చిన పాత బోల్టే మళ్లీ పెడితే నాలుగైదు మరలు మాత్రమే పట్టుకుని ఉంటాయి. బయటికి బిగిసినట్టే కనిపిస్తుంది. మర లోపలికి కనీసం బోల్టు వ్యాసమంత లోతు పట్టుకోవాలి. అందుకే మంచి గార్డుతో పాటు పొడవాటి బోల్టులు, స్పేసర్లు (మధ్య ఖాళీ నింపే చిన్న గొట్టాలు) పెట్టెలోనే ఇస్తారు. పెట్టెలో అవి లేకపోతే కారణం అడగండి.

ఇక పైపు. లావును చూసి మోసపోవద్దన్నాను కానీ, పైపుకు లెక్క లేదని కాదు. పైపు గోడ మందం రెండింటికీ 2 మిల్లీమీటర్లే అయితే, 22 మిల్లీమీటర్ల పైపు కంటే అంగుళం పైపు వంగకుండా నిలిచే గట్టిదనం దాదాపు 1.6 రెట్లు ఉంటుంది. వ్యాసం కొంచెం పెరిగినా గట్టిదనం చాలా పెరుగుతుంది. కానీ పైపు బయటికి ఎంత లావున్నా లోపల రేకులా పలచగా ఉంటే రాయి తగిలినచోట సొట్ట పడి, ఆ సొట్ట దగ్గరే మడతపడుతుంది. షాపులో గోడ మందం ఎంత అని అడగండి. చెప్పలేకపోతే బోల్టు పట్టీ దగ్గరో, తెరిచి ఉన్న చివరి దగ్గరో మీరే చూడొచ్చు.

అసలు గార్డ్ చేయాల్సిన పని ఏమిటంటే దెబ్బను తాను కొంత తినడం. కొంచెం వంగే గార్డ్ ఆ వంగడంలో దెబ్బను మింగేస్తుంది. అసలు వంగని గార్డ్ ఆ దెబ్బను బోల్టులకు, బోల్టుల నుంచి ఫ్రేమ్‌కు పంపిస్తుంది. గార్డ్ వంగితే కొత్తది కొనొచ్చు. ఫ్రేమ్ మీద బోల్టు పట్టే మౌంటింగ్ చెవి విరిగితే ఆ తలనొప్పి వేరే. అందుకే కంపెనీ గార్డ్ సన్నగా ఉందని తీసిపారేయకండి. ఆ బండి ఫ్రేమ్ తెలిసినవాళ్లు అది ఎక్కడ వంగాలో ఆలోచించి చేసి ఉంటారు.

వెల్డింగ్ దగ్గర కాసేపు ఆగండి. వంపు దగ్గర పైపు గుండ్రంగానే ఉందా, నొక్కుకుపోయి చదునైందా? ముక్కలు కోసి అతికించారా? వెల్డ్ గీత చుట్టూ తెగకుండా సమానంగా ఉందా, లేక నాలుగు చుక్కలు పెట్టి పైన నల్ల పౌడర్ కోటింగ్ కొట్టేశారా? నల్ల రంగు చాలా తప్పులు దాస్తుంది. వేలితో తడిమితే తెలుస్తుంది. పైపు కింది భాగంలో నీళ్లు కారే చిన్న రంధ్రం ఉందో లేదో కూడా చూడండి, లేకపోతే మన వానాకాలానికి లోపల్నుంచి తుప్పు తింటుంది.

ఇప్పుడు ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటి చెప్తాను. నాకు అన్నిటికంటే ఉపయోగపడింది ఇదే. గార్డ్ బిగించాక ఎవరినైనా బండి నిటారుగా పట్టుకోమనండి. హ్యాండిల్ చివర నుంచి గార్డ్ బాగా బయటికి వచ్చిన చోటికి, అక్కడి నుంచి వెనక ఫుట్‌రెస్ట్ చివరికి ఒక దారం బిగుతుగా లాగండి. పడినప్పుడు నేల వచ్చేది దాదాపు ఆ దారం ఉన్నచోటే. దారానికి ఇంజన్ కవర్, ట్యాంకు, రేడియేటర్ పక్క ప్లాస్టిక్ తగులుతున్నాయంటే, పడినప్పుడు అవీ నేలకు తగులుతాయి. ఒక్క మెలిక గుర్తుంచుకోండి, ఇలాంటి బండ్ల ఫుట్‌రెస్టులు పైకి మడుచుకుంటాయి. కాబట్టి వెనక భారం చివరికి పానియర్ ర్యాక్ (పక్క పెట్టెలు తగిలించే కడ్డీలు) మీదో, కుడివైపైతే సైలెన్సర్ మీదో పడుతుంది. లద్దాఖ్ కోసం ర్యాక్ వేయించుకునేటట్టయితే అది బిగించాక దారం మళ్లీ లాగి చూడండి.

2024లో నేనూ 450కి మారాను. ఈ బండిలో పాతదానికి లేని సమస్య రేడియేటర్. పాతది గాలితో, ఆయిల్‌తో చల్లబడే ఇంజన్, ఇది నీళ్లతో చల్లబడేది. రేడియేటర్‌కు చిల్లు పడితే ఎంసీల్ పెట్టుకుని చేవెళ్ల దాకా వచ్చినట్టు రాలేం, బండి అక్కడే ఆపేయాలి. అందుకే గార్డుకు, రేడియేటర్‌కు మధ్య ఖాళీ చూశాను. నా మూడు వేళ్లు పట్టాయి, అది చాలనుకున్నాను. నిరుడు శ్రీశైలం వెళ్తూ దోమలపెంట దాటాక కంకర మీద ముందు చక్రం జారి కుడివైపు పడ్డాను, ఓ ఇరవై వేగంలో ఉంటానేమో. ఇంటికొచ్చి కొలిస్తే గార్డ్ ఒక వేలంత లోపలికి వచ్చింది. మిగిలిన రెండు వేళ్ల ఖాళీయే రేడియేటర్‌ను కాపాడింది. గార్డ్ మీద, నేలకు తగిలేచోట ఉన్న నైలాన్ ముక్క, అంటే స్లైడర్, ఒక పక్క బాగా అరిగిపోయింది. ఆ ముక్క వల్లే బండి రోడ్డును పట్టుకుని పల్టీ కొట్టకుండా జారిందని నా నమ్మకం. స్లైడర్ మార్చుకునే వీలున్న గార్డ్ దొరికితే అదే తీసుకోండి. వంగిన గార్డును మాత్రం వేడి చేసి సరిచేయించలేదు, కొత్తది వేశాను. ఒకసారి వంగి వేడి తిన్న ఉక్కును మళ్లీ నమ్మలేను.

ట్రాఫిక్ సంగతి కూడా ఆలోచించాలి. మీరు రోజూ తిరిగేది గచ్చిబౌలి. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) ప్రధాన దారి మీదికి టూ వీలర్లను రానివ్వరు, సర్వీస్ రోడ్డు, కొత్తగూడ, కొండాపూర్ ఇరుకుల్లోనే మన బతుకు. గార్డ్ హ్యాండిల్ వెడల్పు దాటి బయటికి వస్తే ఆటోకో, కారు బంపర్‌కో తగులుకుని మిమ్మల్నే పడేస్తుంది. హ్యాండిల్ దూరిన సందులో గార్డ్ కూడా దూరాలి. దాని మీద ఫాగ్ లైట్లు బిగిస్తే అవి గార్డ్ లోపలివైపు ఉండాలి, బయటికి పెడితే మొదటి పడటంలోనే పోతాయి.

చాలామంది దీన్ని లెగ్ గార్డ్ అంటారు. ఆ పేరు నమ్మకండి. మెల్లగా పడితే బండికి, నేలకు మధ్య కాలు ఇరుక్కోకుండా కొంచెం చోటు ఇస్తుంది, నిజమే. వేగంలో పడితే కాలును కాపాడేది బూటు, మోకాలి గార్డ్. బడ్జెట్ తక్కువుంటే ముందు బూట్లు కొనండి, గార్డ్ రెండో నెల కొనుక్కోవచ్చు. ఇది మనస్ఫూర్తిగా చెప్తున్నాను.

బిగించే రోజు మీరు పక్కనే ఉండండి. ఇంజన్ మౌంటింగ్ బోల్టులు తీయాల్సి వస్తే రెండు వైపులవీ ఒకేసారి తీయనివ్వొద్దు. ఇంజన్ కింద చెక్కముక్క పెట్టి జాకీతో ఆనించి, ఒక బోల్టు తీసి దాని స్థానంలో కొత్తది పెట్టాకే రెండోది తీయాలి. ముందు అన్నీ వేలితో తిప్పి సగం బిగించి, గార్డ్ కుదురుకున్నాక చివర్లో టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగించాలో కొలిచి బిగించే పానా) గట్టి చేయాలి. "అన్నా, చేతి అంచనా చాలు, ఏం కాదు" అంటారు. ఈ ఒక్కచోట మొహమాటపడకండి. తర్వాత హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పి చూడండి. ఆయిల్ ఫిల్టర్, డ్రెయిన్ బోల్టు గార్డ్ విప్పకుండా అందుతున్నాయో లేదో కూడా అక్కడే చూసుకోండి. వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ ఒకసారి చూడాలి. సింగిల్ సిలిండర్ వణుకుకు మొదట్లో ఏదో ఒకటి వదులవుతుంది.

మీ విషయానికొస్తే, వారంటీలో ఉన్న కొత్త బండి కాబట్టి నేనైతే కంపెనీ గార్డ్ వైపే మొగ్గుతాను. బయటిదే కావాలంటే మీ మోడల్ కోసమే చేసినదై, అడ్డ కడ్డీతో రెండు వైపులూ కలిసినదైతే తీసుకోవచ్చు. నాలుగైదు బండ్లకు ఒకటే సరిపోతుందని చెప్పే గార్డ్ మాత్రం వద్దు, అలాంటివాటిలోనే క్లాంపులు ఉంటాయి. పుత్లీబౌలిలో మీరు చూసిన దానికి క్లాంప్ ఉందో బోల్టు ఉందో, దగ్గర నుంచి తీసిన ఫొటో ఒకటి పెట్టండి, చూసి చెప్తాను.