కాలనీ వీధుల్లో ఇంటి ముందు కార్లు పెట్టుకోనిస్తే ఇబ్బందా? (అనంతపురం)

వీధి వెడల్పును బట్టి ఉంటుంది. ముందు టేపుతో కొలవండి. కాగితం మీద 30 అడుగులున్న వీధి (9.1 మీటర్లు) కూడా ర్యాంపులు, మెట్లు, కాలువ కలిసి రెండు వైపులా తలా మీటరు తినేస్తే 7.1 మీటర్లే. ఆపిన కారుకు పక్కన వదిలే ఖాళీతో కలిపి 2.1 మీటర్లు కావాలి. ఒకవైపే పెడితే 5 మీటర్లు మిగులుతాయి, పర్వాలేదు. రెండు వైపులా పెడితే 2.9. ఫైరింజన్ వెడల్పే దాదాపు 2.5 మీటర్లు, అద్దాలు, మలుపు కలిపితే ఇరుక్కుపోతుంది. ఎండాకాలంలో నీళ్ల ట్యాంకరుదీ అదే గతి. పాతూరు లాంటి చోట్ల 20 అడుగుల సందుల్లో ఒకవైపు పెట్టినా 2 మీటర్లే మిగులుతుంది, అక్కడ వీధి పార్కింగ్‌కు సడలింపు అడగకపోవడమే మంచిది.

మూలల దగ్గర కనీసం 10 మీటర్లు ఖాళీ వదలాలి, లేదంటే వచ్చే బైకు కనబడదు. గీతలు గీసేటప్పుడు ఒక్కో కారుకు 6 మీటర్ల పొడవు ఇవ్వండి, గేట్ల ముందు వదిలేయండి.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 117 ప్రకారం పార్కింగ్ స్థలాలు నిర్ణయించేది రాష్ట్ర ప్రభుత్వం లేదా అది అధికారమిచ్చిన అధికారి, స్థానిక సంస్థను సంప్రదించి. కాలనీ సంఘం తీర్మానం ఒక్కటే చాలదు. కొలతలతో స్కెచ్ గీసి నగరపాలక కమిషనరుకూ ట్రాఫిక్ పోలీసులకూ ఇవ్వండి.

ఇంకోటి: స్టిల్టును (భవనం కింద పార్కింగ్ కోసం వదిలిన అంతస్తును) గదులుగా, షాపులుగా మార్చుకుని కారు రోడ్డెక్కించినవాళ్లే ఈ సడలింపును ఎక్కువ వాడుకుంటారు. ముందు వాటిని ఖాళీ చేయించమనండి.