మెదడు స్కానింగ్ మీద పీహెచ్‌డీ: ఫీజుల గురించి కాదు, ఓపిక గురించి ఆలోచించండి

మిర్యాలగూడ నుంచి ఒక తండ్రి అడిగారు: "మా పాప నల్గొండలో ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో ఏడాది చదువుతోంది. మెదడు స్కానింగ్ మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. బీఈడీ చేసి టీచర్ కొలువు చూసుకోమంటే వినడం లేదు. ఇంకో ఐదేళ్లు ఫీజులు కట్టడం నా వల్ల అవుతుందా? చివరికి స్కానింగ్ సెంటర్లో ఉద్యోగమేనా?"

అన్నా, ముందు ఫీజుల టెన్షన్ పక్కన పెట్టండి. సీఎస్‌ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో ఫిజికల్ సైన్సెస్ పేపర్ రాసి జేఆర్‌ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకు నెలనెలా ఇచ్చే ఫెలోషిప్) కొడితే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తర్వాత 42,000 పాప చేతికే వస్తాయి.

స్కానింగ్ సెంటర్ టెక్నీషియన్ పని వేరు, ఇది వేరు. మెదడులో ఒక భాగం పనిచేసినప్పుడు అక్కడి రక్తంలో ఆక్సిజన్ మారుతుంది, ఫంక్షనల్ ఎమ్మారై అనే స్కాన్ పట్టుకునేది ఆ మార్పునే, అదీ చాలా చిన్నది, లోపల పడుకున్న మనిషి తల రెండు మిల్లీమీటర్లు కదిలినా డేటా పాడవుతుంది. అందుకే రీసెర్చర్ రోజులో ఎక్కువ భాగం మిషన్ దగ్గర గడవదు. కంప్యూటర్ ముందు కూర్చుని ఆ కదలికలు సరిచేయడం, పైథాన్ అనే కంప్యూటర్ భాషలో కోడ్ రాయడం, తప్పు ఎక్కడుందో వారాల తరబడి వెతకడం, ఇదే పని. ఈ ఓపిక పాపకు ఉందా? నాకైతే మార్కులకన్నా ఇదే ముఖ్యం.

తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఓపెన్‌న్యూరో అనే వెబ్‌సైట్‌లో అసలైన స్కాన్ డేటా ఉచితంగా దొరుకుతుంది, ఆ డేటాను పరిశీలించడానికి వాడే నైలెర్న్ అనే పైథాన్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. ఒక చిన్న డేటాసెట్ తీసుకుని, అందులో ఎవరి తల ఎంత కదిలిందో గ్రాఫ్ గీసి, ఎవరి స్కాన్ పక్కన పెట్టాలో, ఎందుకో ఒక పేజీలో రాయమనండి. తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ సెంటర్, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ, బెంగళూరు నిమ్హాన్స్, హర్యానా మానేసర్‌లోని మెదడు పరిశోధన కేంద్రం ఎన్‌బీఆర్‌సీ, వీటిలో తనకు నచ్చిన అంశం మీద పనిచేసే ప్రొఫెసర్లకు ఆ పేజీ జత చేసి మెయిల్ పెట్టాలి. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ఇంట్రెస్టెడ్" అని అందరికీ ఒకే మెయిల్ పంపితే జవాబు రాదు. చేరే ముందు ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న పీహెచ్‌డీ పిల్లలతో మాట్లాడడం మాత్రం మరవొద్దు, గైడ్ మంచివారు కాకపోతే ఐదేళ్లూ నరకమే.

ఒక మాట దాచను. పీహెచ్‌డీ అవగానే ప్రొఫెసర్ పోస్టు రాదు, మధ్యలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత కొన్నాళ్లు చేసే తాత్కాలిక రీసెర్చ్ ఉద్యోగం) చేయాల్సి రావచ్చు, పోస్టులూ తక్కువే. అయితే ఇమేజ్ ప్రాసెసింగ్, పైథాన్ గట్టిగా వస్తే మెడికల్ ఇమేజింగ్ కంపెనీల్లోనూ ప్రయత్నించుకోవచ్చు.

ఫారిన్ సీటు ఇప్పిస్తామని లక్షలు అడిగే వాళ్లకు రూపాయి ఇవ్వకండి. అమెరికాలో సైన్స్ పీహెచ్‌డీకి సాధారణంగా యూనివర్సిటీయే డబ్బు ఇస్తుంది, అప్లికేషన్లు ఎక్కువగా డిసెంబరులో ముగుస్తాయి, మామూలుగా మూడు రికమెండేషన్ లెటర్లు కావాలి. ఆ లెటర్లు రాయాల్సింది పాప పని దగ్గరుండి చూసిన సార్లు, మేడమ్‌లు, అందుకే ప్రాజెక్టు చేయించే సారును ఈ సెమిస్టర్లోనే అడిగి పెట్టుకోమనండి.