టెక్ సందేహాలు: థునార్‌ని మన దారికి తెచ్చుకోవడం

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది కదా, అప్పట్నుంచి పాత ల్యాప్‌టాప్‌లో లైనక్స్ వేశాం సార్ అని మొదలయ్యే ప్రశ్నలు బాగా పెరిగాయి. చాలామంది ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో వచ్చే లైనక్స్ రకాలు, మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ గానీ జుబుంటు గానీ వేస్తున్నారు, రెండిట్లోనూ ఫోల్డర్లు తెరిచేది థునార్ అనే ఫైల్ మేనేజరే. అందుకే ఈసారి మొత్తం దాని మీదే. చూడ్డానికి బోసిగా ఉంటుంది, నిజమే. కానీ దీంట్లో అది లేదు ఇది లేదు అని మీరు రాసినవాటిలో చాలావరకు విడి ప్యాకేజీల్లో ఉన్నాయి, కావలసినవాళ్లు తగిలించుకోవాలి అంతే.

4 జీబీ ర్యామ్ ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో మింట్ వేశాను. అన్నీ బాగున్నాయి గానీ పెళ్లి వీడియోలు, ఫొటోలు ఉన్న ఫోల్డర్ తెరిస్తే చాలు ఫ్యాన్ హోరెత్తిపోతోంది, మౌస్ కూడా కదలట్లేదు. ఫైల్ మేనేజర్ మార్చేయాలా? (నల్గొండ నుంచి ఒకరు)

మార్చక్కర్లేదండీ, అది థునార్ తప్పు కాదు. బొమ్మల చిన్న ప్రివ్యూలు, అదే థంబ్‌నెయిల్స్, థునార్ సొంతంగా తయారు చేసుకోదు, వెనకాల టంబ్లర్ అని ఇంకో ప్రోగ్రామ్‌కి ఆ పని అప్పజెప్తుంది. మీ ఫోల్డర్‌లో పెద్ద పెద్ద వీడియోలు ఉన్నాయి కాబట్టి ఒక్కోదాన్నీ తెరిచి అందులోంచి ఒక ఫ్రేమ్ లాగి చిన్న బొమ్మ చేసే పనిలో పాత ప్రాసెసర్ నలిగిపోతోంది. ఒకసారి చేసిన బొమ్మలు హోమ్‌లో క్యాష్ అనే హిడెన్ ఫోల్డర్‌లో దాచుకుంటుంది, కాబట్టి మొదటిసారి ఓపిక పట్టి దాని పని అది పూర్తి చేసుకోనిస్తే రెండోసారి ఇంత గోల ఉండదు. మీరేమో మధ్యలోనే విసుగొచ్చి రీస్టార్ట్ కొడుతున్నారని నా అనుమానం.

ఓపిక లేకపోతే ఎడిట్ మెనూలో ప్రిఫరెన్సెస్, అందులో డిస్‌ప్లే ట్యాబ్‌కి వెళ్లండి. షో థంబ్‌నెయిల్స్ దగ్గర మూడు ఆప్షన్లుంటాయి: అస్సలు వద్దు, లోకల్ ఫైల్స్ వరకే, ఎప్పుడూ చూపించు. లోకల్ ఫైల్స్ వరకే అనేది పెట్టుకోండి, ఫోన్ తగిలించినప్పుడో నెట్‌వర్క్ ఫోల్డర్ తెరిచినప్పుడో బతికిపోతారు. దాని పక్కనే ఇంత సైజు దాటిన ఫైల్స్‌కి ప్రివ్యూ వద్దు అని పరిమితి పెట్టే చోటు కూడా ఉంది, అక్కడ 50 ఎంబీ అని ఇస్తే ఫొటోలకి ప్రివ్యూలు వస్తాయి, పెద్ద వీడియోల జోలికి పోదు. మీకు ఈ ఒక్క సెట్టింగ్ చాలు.

నేను చిన్న నెట్ సెంటర్ నడుపుతాను. ఉద్యోగాల అప్లికేషన్లకి ఫొటో 50 కేబీ లోపు, సంతకం 20 కేబీ లోపు చేసివ్వడమే రోజంతా పని. ఇప్పుడు ఏవేవో వెబ్‌సైట్లలో అప్‌లోడ్ చేసి తగ్గిస్తున్నా. రైట్ క్లిక్ కొడితే అయిపోయేలా ఉంటుందా అన్నా? (కాకినాడ)

ఉంటుంది తమ్ముడూ, థునార్‌లో నాకు బాగా నచ్చేది కూడా ఇదే. ముందు ఒక మాట, జనాల ఫొటోలు, సంతకాలు ఊరూ పేరూ తెలియని వెబ్‌సైట్లలోకి ఎక్కించడం ఇవాళ్టితో ఆపేయ్. రెండూ కలిసి ఎవడి చేతిలో పడినా మంచిది కాదు, పైగా నెట్ లేకపోతే పని ఆగిపోతుంది.

ఇమేజ్‌మ్యాజిక్ అనే ప్యాకేజీ సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతికి ఇన్‌స్టాల్ చెయ్యి. తర్వాత థునార్‌లో ఎడిట్, కాన్ఫిగర్ కస్టమ్ యాక్షన్స్. ఓపెన్ టెర్మినల్ హియర్ అని ఒకటి రెడీగా ఉంటుంది, దాన్ని తెరిచి చూస్తే ఎలా రాయాలో ఐడియా వస్తుంది. ప్లస్ బటన్ నొక్కి పేరు దగ్గర 'ఫొటో 50 కేబీ' అని తెలుగులోనే పెట్టుకో, ఏం పర్లేదు. కమాండ్ దగ్గర రాయాల్సింది ఫోన్‌లో చెప్పినట్టు చెప్తా, ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో టైప్ చేసుకో, ఒక్కో ముక్కకీ మధ్య స్పేస్ మర్చిపోవద్దు:

కన్వర్ట్ %ఎఫ్ -ఆటో-ఓరియెంట్ -స్ట్రిప్ -రీసైజ్ 600x600 -డిఫైన్ జేపెగ్:ఎక్స్‌టెంట్=50కేబీ స్మాల్-%ఎన్.జేపీజీ

%ఎఫ్ అంటే నువ్వు సెలెక్ట్ చేసిన ఫైల్ పూర్తి అడ్రస్, చిన్న ఎఫ్ అయితే ఒక్క ఫైలే, పెద్ద ఎఫ్ పెడితే సెలెక్ట్ చేసినవన్నీ వస్తాయి, ఇక్కడ చిన్నదే కావాలి. దాని చుట్టూ కోట్స్ పెట్టొద్దు, పేరులో స్పేస్‌లున్నా థునారే చూసుకుంటుంది. %ఎన్ అంటే అడ్రస్ లేకుండా ఉత్త ఫైల్ పేరు. కొత్త ఫైల్ పేరులో దాన్ని ఎందుకు పెట్టానంటే, ఫొటో.జేపీజీ అని ఒకే పేరు ఇచ్చేస్తే ఒకే ఫోల్డర్‌లో రెండో కస్టమర్ ఫొటో మొదటి కస్టమర్ ఫొటో మీద ఎక్కి కూర్చుంటుంది, అడగను కూడా అడగదు. పేరు చివర జేపీజీ రెండుసార్లు వస్తే రానీ.

ఆటో-ఓరియెంట్ ఎందుకంటే ఫోన్‌లో నిలువుగా తీసిన ఫొటో కొన్ని సైట్లలో పడుకుని కనిపిస్తుంది కదా, అందుకు. స్ట్రిప్ అనేది ఫొటోలో దాగున్న వివరాలు, అంటే ఎక్కడ తీశారు ఏ ఫోన్‌తో తీశారు లాంటివన్నీ తీసేస్తుంది. ఎక్స్‌టెంట్ దగ్గర అసలు పని జరుగుతుంది, క్వాలిటీ పెంచుతూ తగ్గిస్తూ 50 కేబీ లోపు పట్టేదాకా అదే చూసుకుంటుంది. కానీ ముందు రీసైజ్ పెట్టకుండా 4000 పిక్సెల్స్ ఫొటోని అలాగే 50 కేబీలో కుక్కమంటే మొహం మీద గడులు గడులుగా వస్తాయి, అందుకే కొలత తగ్గించి తర్వాత క్వాలిటీ జోలికి వెళ్లాలి. 600x600 అంటే ఆ చతురస్రంలో పట్టేలా చేస్తుంది, మనిషిని సాగదీయదు. నోటిఫికేషన్‌లో పిక్సెల్స్ ఇంత దాటకూడదని రాసి ఉంటే ఆ అంకెలు మార్చుకో.

అదే విండోలో అపియరెన్స్ కండిషన్స్ అనే ట్యాబ్‌లో ఇమేజ్ ఫైల్స్‌కి మాత్రమే టిక్ పెట్టు, లేకపోతే పీడీఎఫ్ మీద రైట్ క్లిక్ చేసినా ఇది కనిపిస్తుంది. సంతకానికి ఇలాంటిదే ఇంకోటి చేసుకుని 50 బదులు 20, రీసైజ్ 300 పెట్టు, కొత్త ఫైల్ పేరు కూడా వేరేగా ఇవ్వు. రెండిటికీ కీబోర్డ్ షార్ట్‌కట్ కూడా ఇవ్వొచ్చు, రష్ టైంలో అదే స్పీడు. ఇంకో రెండు సిస్టమ్‌లు ఉంటే మళ్లీ ఇదంతా టైప్ చెయ్యక్కర్లేదు, హోమ్‌లో కంట్రోల్ హెచ్ నొక్కితే హిడెన్ ఫోల్డర్లు కనిపిస్తాయి, కాన్ఫిగ్ లోపల థునార్ ఫోల్డర్‌లో యూసీఏ.ఎక్స్‌ఎంఎల్ అనే ఫైల్ ఉంటుంది, దాన్ని కాపీ చేసి అక్కడ అదే చోట పెట్టి ఒకసారి లాగౌట్ అయి రా. కాకపోతే ఆ సిస్టమ్‌లోనూ ఇమేజ్‌మ్యాజిక్ ఉండాలి సుమా.

డెబియన్ లైనక్స్‌లో నాకు కావలసిన ప్యాకేజీలే వేసుకుని ఎక్స్‌ఎఫ్‌సీఈ పెట్టుకున్నా. ఫోన్ తగిలిస్తే కనిపించట్లేదు, ట్రాష్ కూడా లేదు. (హైదరాబాద్, ఇంజినీరింగ్ స్టూడెంట్)

జీవీఎఫ్ఎస్ వెయ్యలేదు మీరు. దానితోపాటు జీవీఎఫ్ఎస్-బ్యాకెండ్స్ కూడా వేసి లాగౌట్ అయి రండి, ట్రాష్, ఫోన్, నెట్‌వర్క్ షేర్లు అన్నీ దాని మీదే ఆధారపడ్డాయి. ఫోన్‌లో యూఎస్‌బీ నోటిఫికేషన్ తెరిచి ఛార్జింగ్ ఓన్లీ నుంచి ఫైల్ ట్రాన్స్‌ఫర్‌కి మార్చడం మీ పని. పెన్‌డ్రైవ్ పెట్టగానే దానంతట అదే మౌంట్ అవ్వాలంటే, అంటే వాడకానికి సిద్ధం కావాలంటే, థునార్-వోల్‌మ్యాన్, రైట్ క్లిక్‌లో జిప్ ఓపెన్ అవ్వాలంటే థునార్-ఆర్కైవ్-ప్లగిన్, దానికి తోడు ఎన్‌గ్రాంపా లాంటి ఆర్కైవ్ ప్రోగ్రామ్ ఒకటి. తక్కువ ప్యాకేజీలతో నడపాలన్న సరదా మంచిదే, కానీ ఇవన్నీ లేకుండా రోజువారీ పనికి కష్టం.

విండోస్, లైనక్స్ రెండూ ఉన్నాయి. డీ డ్రైవ్ థునార్‌లో తెరుచుకుంటోంది కానీ ఏమీ పేస్ట్ అవ్వట్లేదు, రీడ్ ఓన్లీ అంటోంది. రూట్‌గా, అంటే అడ్మిన్ అధికారంతో తెరవమని యూట్యూబ్‌లో చెప్పారు, అదీ పనిచెయ్యలేదు. (గుంటూరు)

రూట్‌గా తెరవడం పక్కన పెట్టండి, దీనికి సంబంధమే లేదు. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటుంది, మీరు షట్‌డౌన్ కొట్టినా అది నిజంగా ఆగదు, సగం హైబర్నేట్ అయి డ్రైవ్‌లని వాడుకలో ఉన్నట్టే వదిలేస్తుంది. ఆ స్థితిలో లైనక్స్ రాస్తే డేటా పాడవుతుంది కాబట్టి చదవడానికి మాత్రమే తెరుస్తోంది, అది మీ మంచికే. విండోస్‌లోకి వెళ్లి కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్స్ ఏం చేయాలో ఎంచుకునే చోట ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేసి పూర్తిగా షట్‌డౌన్ చేయండి. అంత దాకా ఎందుకు అనుకుంటే షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టినా ఆ ఒక్కసారికి సరిపోతుంది.

తెలుగు పేర్లున్న పీడీఎఫ్‌లు విండోస్ హార్డ్ డిస్క్ నుంచి లైనక్స్‌లోకి కాపీ చేస్తుంటే కొన్నిటికి ఫైల్ నేమ్ టూ లాంగ్ అని వస్తోంది. అదే పేరు విండోస్‌లో బాగానే ఉంది కదా? (డాలస్ నుంచి ఒక పాఠకురాలు)

మంచి ప్రశ్న అమ్మా, ఇది తెలుగులాంటి లిపులు వాడేవాళ్లకే ఎక్కువగా తగిలే చిక్కు. విండోస్ వాడే డిస్క్ ఫార్మాట్ ఎన్‌టీఎఫ్ఎస్‌లో పేరుకి 255 యూనిట్లు అని లెక్క, తెలుగులో ఒక గుర్తుకి ఒక యూనిట్. లైనక్స్ వాడే ఫార్మాట్ ఈఎక్స్‌టీ4లో 255 బైట్లు, తెలుగు గుర్తు ఒక్కోటి 3 బైట్లు తింటుంది. గుర్తు అంటే మనం అనుకునే అక్షరం కూడా కాదు, 'కృష్ణ' చూడ్డానికి రెండక్షరాలే, లోపల క, ఋత్వం, ష, పొల్లు, ణ కలిపి ఐదు, అంటే 15 బైట్లు. ఈ లెక్కన చివర పీడీఎఫ్ ఎక్స్‌టెన్షన్ పోను తెలుగు గుర్తులు 83 దాటితే పేరు పట్టదు, ఇంగ్లిష్ పేరైతే 255 దాకా పడుతుంది.

కాపీ చేసే ముందే పేర్లు కుదించడం తప్ప దారి లేదు. దానికి థునార్‌లోనే బల్క్ రీనేమ్ ఉంది, ఫైల్స్ అన్నీ సెలెక్ట్ చేసి ఎఫ్2 నొక్కండి, పేరులో ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా తీసెయ్ అనే ఆప్షన్ కింద ఉన్న లిస్ట్‌లో ఉంటుంది. మార్చబోయే పేర్లు పక్కనే చూపిస్తుంది, చూసుకుని రీనేమ్ కొట్టండి. పేర్లు గళ్లు గళ్లుగా కనిపిస్తే మాత్రం అది ఫాంట్ సమస్య, నోటో సాన్స్ తెలుగు వేసుకుంటే పోతుంది.

థునార్ కంటే పీసీమ్యాన్‌ఎఫ్ఎం లైట్ అంటున్నారు, మారనా? రెండు ఫోల్డర్లు పక్కపక్కన తెరవడం దాంట్లోనే ఉందట. (వరంగల్)

లైట్ అన్నది నిజమే. తైవాన్ డెవలపర్ హాంగ్ జెన్ యీ 2006లో మొదలుపెట్టాడు, రాస్‌ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ డెస్క్‌టాప్‌లో ఇప్పటికీ దాని రూపమే వాడుతున్నారు. ఆయన తర్వాత 2013లో క్యూటీ అనే వేరే టూల్‌కిట్ మీద ఇంకో వెర్షన్ తెచ్చాడు, ఎల్‌ఎక్స్‌క్యూటీ డెస్క్‌టాప్‌లో ఉండేది అదే. పక్కపక్క ఫోల్డర్ల విషయానికొస్తే, 2022 డిసెంబర్‌లో వచ్చిన 4.18 నుంచి థునార్‌లోనూ ఎఫ్3 కొడితే వస్తుంది, ఆ వెర్షన్‌లోనే చేసిన పొరపాటుకి కంట్రోల్ జెడ్, ఫైల్‌కి రంగు వేసుకునే హైలైట్, టూల్‌బార్ బటన్లు మార్చుకోవడం కూడా వచ్చాయి. మింట్ 22, డెబియన్ 12 వాడేవాళ్లకి ఇవన్నీ ఉన్నట్టే. మీ మెషీన్‌లో 2 జీబీ ర్యామ్ ఉంటే పీసీమ్యాన్‌ఎఫ్ఎం వేసుకోండి, ఎఫ్4 కొడితే అదే ఫోల్డర్‌లో టెర్మినల్ తెరుచుకోవడం భలే సుఖం. 4 జీబీ దాటి ఉంటే ఆ తేడా మీకు తెలియను కూడా తెలియదు, కస్టమ్ యాక్షన్లు కావాలంటే దాంట్లో ఒక్కోదానికీ ఫైల్ రాసుకోవాలి, థునార్‌లో విండో తెరిచి నింపితే అయిపోతుంది. రెండూ ఒకే సిస్టమ్‌లో ఉన్నా గొడవేం ఉండదు, వారం వాడి చూసి సెట్టింగ్స్‌లో డిఫాల్ట్ అప్లికేషన్స్‌కి వెళ్లి యుటిలిటీస్‌లో ఏది నచ్చితే అది పెట్టుకోండి.