టెక్ సందేహాలు: లాన్ కార్డు కొనే ముందు ఇంటరప్ట్ ఎటు పోతోందో చూడండి

గాజువాక నుంచి ఓ ఇంజినీరింగ్ విద్యార్థి అడుగుతున్నారు: "సార్, ఉబుంటులో కేవీఎం పెట్టుకుని దాంట్లో ఇంకో లినక్స్ నడుపుతున్నా. వీఎంలో పెద్ద డౌన్‌లోడ్ పెడితే చాలు, బయట మౌస్ కూడా తడబడుతోంది. ఒక్క కోర్ మాత్రం వందకి కొడుతోంది. ద్వారకానగర్‌లో అడిగితే కొత్త లాన్ కార్డు వేయించుకోమన్నారు. అసలు కార్డు ఇచ్చే ఇంటరప్ట్ హోస్ట్‌కి వెళ్తుందా, వీఎంకా?"

ఇప్పుడే డబ్బులు పెట్టకండి. ఇంటరప్ట్ అంటే "నాకు పని పడింది, చూడు" అని పరికరం ప్రాసెసర్‌ని పిలిచే పిలుపు. అది ముందు వెళ్లేది హోస్ట్‌కే, అంటే బయట నడుస్తున్న మీ ఉబుంటుకే. ఆ సమయంలో ఆ కోర్ మీద వీఎం (వర్చువల్ మెషీన్, అంటే లోపల నడిచే ఆ రెండో లినక్స్) నడుస్తుంటే ప్రాసెసర్ దాన్ని ఉన్నపళంగా ఆపి హోస్ట్ కెర్నల్‌లోకి (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలోకి) వచ్చేస్తుంది, దీన్నే వీఎం ఎగ్జిట్ అంటాం. హోస్ట్ డ్రైవర్ ప్యాకెట్ తీసుకుని, అది వీఎంకి చెందినదని తేలాక, వీఎంలని నడిపే కెర్నల్ భాగమైన కేవీఎంకి కబురు పెడుతుంది, కేవీఎం మళ్లీ వీఎంలోకి వెళ్లేటప్పుడు ఒక వర్చువల్ ఇంటరప్ట్ ఎక్కించి పంపుతుంది. అంటే వీఎం చూసేది కార్డు ఇచ్చిన ఇంటరప్ట్ కాదు, కెర్నల్ తయారు చేసి ఇచ్చింది. వీఎం ఆ క్షణంలో ఇంటరప్ట్‌లు ఆపేసుకుని ఉంటే, మళ్లీ తెరిచేదాకా కేవీఎం కాచుకుని ఉండాలి. 2007లో 2.6.20 కెర్నల్‌తో కేవీఎం వచ్చిన నాటి నుంచి దీని మీద జరిగిన పనిలో పెద్ద భాగం ఈ ఎగ్జిట్‌లను తగ్గించడమే.

మీ సమస్య మాత్రం ఇంకాస్త ముందే ఉందని నా అనుమానం. వీఎం సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కార్డు మోడల్ చూడండి. "ఈ1000" (e1000) అని ఉంటే దొంగ దొరికినట్టే. అది నిజం కార్డుని అచ్చంగా అనుకరిస్తుంది కాబట్టి వీఎం డ్రైవర్ దాని రిజిస్టర్‌ని (కార్డుకి ఆదేశాలిచ్చే చిన్న గడిని) ముట్టుకున్న ప్రతిసారీ దాదాపు ఒక ఎగ్జిట్, దాంతో పాటు హోస్ట్‌లో ఆ అనుకరణ చేసే క్యూఈఎంయూ అనే ప్రోగ్రామ్ దాకా ప్రయాణం. దాన్ని వీఎంల కోసమే తయారైన వర్ట్‌ఐఓ (virtio) మోడల్‌కి మార్చండి. లినక్స్ వీఎం అయితే డ్రైవర్ లోపలే ఉంటుంది, విండోస్ అయితే విడిగా వేసుకోవాలి. వర్ట్‌ఐఓలో రెండు పక్కలా మెమరీలో ఒకే క్యూ చూసుకుంటాయి, అవసరం లేనప్పుడు "నన్ను పిలవొద్దు" అని ఒకరికొకరు చెప్పుకుంటాయి కూడా.

తేడా కళ్లతో చూడాలంటే డౌన్‌లోడ్ నడుస్తుండగా హోస్ట్‌లో "పెర్ఫ్ కేవీఎం స్టాట్ లైవ్" కొట్టండి. ఎగ్జిట్‌లు కారణాల వారీగా వస్తాయి. అందులో "ఈపీటీ మిస్‌కాన్ఫిగ్" అనే వరుస పరుగులు పెడుతుంటే ఏదో పాడైందని టెన్షన్ పడకండి. ఆ పేరు చూసి చాలామంది బయోస్ సెట్టింగ్స్ కెలుకుతారు. అనుకరించిన కార్డు రిజిస్టర్ల దగ్గరికి వీఎం వస్తే పట్టుకోవడానికి కేవీఎం కావాలనే అలా గుర్తు పెడుతుంది. మోడల్ మార్చాక అదే అంకె ఎంత పడిపోయిందో చూస్తే మీకే అర్థమవుతుంది.

ఆ తర్వాత హోస్ట్‌లో "ప్రాక్" (/proc) అనే ఫోల్డర్‌లోని "ఇంటరప్ట్స్" ఫైల్ తెరవండి. ఏ పరికరానికి ఏ కోర్ మీద ఎన్ని వచ్చాయో అందులో ఉంటుంది. మామూలు డెస్క్‌టాప్ లాన్ కార్డుకి తరచూ ఒకటే క్యూ, ఒకటే వరుస. దాన్ని నాలుగు కోర్లకి పంచలేరు గానీ వీఎం నడవని కోర్‌కి జరపొచ్చు. ఇంటరప్ట్‌లని కోర్లకి పంచే ఐఆర్‌క్యూ బ్యాలెన్స్ సర్వీస్ నడుస్తుంటే మీరు మార్చినదాన్ని అది మళ్లీ మార్చేయొచ్చు, ముందు దాన్ని ఆపండి. ఆ ఫైల్ అడుగున పీఐఎన్ అనే వరుసలో అంకెలు పెరుగుతుంటే మీ ఇంటెల్ చిప్ పోస్టెడ్ ఇంటరప్ట్‌లు వాడుతోందని అర్థం. అక్కడ వర్చువల్ ఇంటరప్ట్‌ని మెమరీలో రాసి పెడితే చాలు, నడుస్తున్న వీఎంని ఆపకుండా ప్రాసెసరే అందజేస్తుంది. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అందమైన భాగం ఇదే. మొదట జియాన్ సర్వర్ చిప్‌లతో వచ్చింది, పాత డెస్క్‌టాప్‌లో కనబడకపోతే బాధపడక్కర్లేదు.

ఎంవీపీ కాలనీ నుంచి ఇంకొకరు: "పాత పీసీఐ టీవీ ట్యూనర్ కార్డుని వీఎంకి పాస్‌త్రూ ఇచ్చా. కాసేపటికి హోస్ట్‌లో 'ఐఆర్‌క్యూ 16: నోబడీ కేర్డ్' అని వచ్చి యూఎస్‌బీ కీబోర్డ్ కూడా పనిచేయడం లేదు. కార్డు పోయిందా?"

కార్డు బాగానే ఉండి ఉండొచ్చు. పాత కార్డులు ఒకే ఇంటరప్ట్ లైన్‌ని పంచుకుంటాయి, మీ యూఎస్‌బీ కంట్రోలర్ కూడా ఆ ఐఆర్‌క్యూ 16, అంటే 16వ నంబరు లైన్ మీదే ఉన్నట్టుంది. ఈ లైన్ ఎలాంటిదంటే, కార్డుని డ్రైవర్ శాంతింపజేసేదాకా మోగుతూనే ఉంటుంది. ఆ డ్రైవరేమో వీఎంలో ఉంది. అందుకే హోస్ట్‌లోని వీఎఫ్ఐఓ (కార్డుని నేరుగా వీఎంకి అప్పగించే పాస్‌త్రూ పని చూసే భాగం) ముందు కార్డు నోరు నొక్కి, వీఎంకి కబురు పెట్టి, అది పని ముగించానని చెప్పాక మళ్లీ తెరుస్తుంది. ఎక్కడైనా ఈ వరుస తప్పి, లక్ష ఇంటరప్ట్‌లలో 99,900కి మించి ఎవరూ పట్టించుకోకపోతే కెర్నల్ ఆ లైన్‌నే మూసేస్తుంది. దాంతో మీ కీబోర్డ్ కూడా పోయింది.

కార్డుని వేరే స్లాట్‌లోకి మార్చి, "ఇంటరప్ట్స్" ఫైల్‌లో దాని లైన్ మీద ఇంకెవరూ లేరని చూసుకోండి. ఇంకో కార్డు కొనాల్సి వస్తే ఎంఎస్ఐ (లైన్ బదులు మెసేజ్ రూపంలో ఇంటరప్ట్ పంపే పద్ధతి, కంపెనీ పేరు కాదు) ఉన్నదే తీసుకోండి, అందులో పంచుకునే లైన్ గొడవ ఉండదు. "ఎల్ఎస్‌పీసీఐ" (lspci) కమాండ్‌ని వివరాలు అడిగితే ఉందో లేదో చెప్పేస్తుంది.