ఫిన్లాండ్ ప్రీస్కూల్ వయసు: ఒక పట్టికలో 3, ఇంకో పట్టికలో 6 ఎందుకు?

ఫిన్లాండ్ ప్రీస్కూల్ వయసును ఫ్రాన్స్‌తో పోల్చాలని చూస్తే, ఒక పట్టికలో 3, ఇంకో పట్టికలో 6 కనిపించాయని అడిగారు. ఆ రెండు పట్టికలూ తప్పు కాదు, అవి లెక్కపెట్టేది వేర్వేరు వయసులు. యునెస్కో (ఐక్యరాజ్యసమితి విద్యా సంస్థ) వర్గీకరణలో ప్రీప్రైమరీ అంటే 3 ఏళ్ల నుంచి ఒకటో తరగతిలో చేరేదాకా. 6 అన్నది ఫిన్లాండ్‌లో బడికి ముందు ఏడాది నడిచే ప్రీస్కూల్ వయసు. 2015 నుంచి అది తప్పనిసరి.

ఫ్రాన్స్‌తో పోల్చాలంటే ఇలా చేయండి:

1. "చేరవచ్చు" అనే వయసు, "చేరాల్సిందే" అనే వయసు వేర్వేరు కాలమ్‌లలో రాయండి. తప్పనిసరి వయసు ఫ్రాన్స్‌లో 3 (2019 సెప్టెంబర్ నుంచి, అంతకుముందు 6), ఫిన్లాండ్‌లో 6.

2. కటాఫ్ తేదీ, అంటే ఏ తేదీకి వయసు నిండాలన్నది, చూడండి. దాదాపు అందరూ వదిలేసేది ఇదే. రెండు దేశాల్లోనూ పుట్టినరోజు కాదు, పుట్టిన సంవత్సరమే లెక్క. 2021 నవంబర్‌లో పుట్టిన పాపను తీసుకోండి. ఫ్రాన్స్‌లో ప్రీస్కూల్ 2024 సెప్టెంబర్‌లోనే మొదలు, అప్పటికి పాపకి ఇంకా మూడు నిండలేదు, 2 ఏళ్ల 10 నెలలే. అదే పాప ఫిన్లాండ్‌లో ఉంటే ప్రీస్కూల్ 2027 ఆగస్టులో, 5 ఏళ్ల 9 నెలలకి. అందుకే "3", "6" అని ఊరికే రాయకండి, "ఆ ఏడాదిలో 3 నిండేవాళ్లు" అని రాయండి.

3. ఒకటో తరగతి వయసు కూడా పక్కనే పెట్టండి: ఫ్రాన్స్ 6, ఫిన్లాండ్ 7. అది లేకపోతే ఆ 6ని ఒకటో తరగతి వయసు అనుకుని, ఫిన్లాండ్ పిల్లలు ప్రీస్కూల్ ఎగ్గొట్టి నేరుగా బడికి వెళ్తున్నారని చదివేవాళ్లు పొరబడతారు. నిజానికి అక్కడ చాలామంది అంతకు ముందే డేకేర్‌లో ఉంటారు.